ఆశ్రమానికి కానుకలిస్తున్నాం, లెక్క అడగకూడదా?

పేరు, ఊరు రాయొద్దంటూ ఒక సోదరి పెద్ద ఉత్తరం పంపారు. ఆమె గవర్నమెంటు స్కూల్లో టీచరు, మూడేళ్లుగా తమ చర్చి సంఘానికి కోశాధికారి. ఆ సంఘం, దగ్గర్లోని మరో రెండు సంఘాలు చాలా ఏళ్లుగా ఒక అనాథాశ్రమాన్ని పోషిస్తున్నాయి. స్త్రీల సమాజం పిడికెడు బియ్యం పోగుచేస్తుంది, నెలకో ఆదివారం ప్రత్యేక కానుక పడతారు, క్రిస్మస్‌కి బట్టలు కుట్టిస్తారు. ఈమె సంఘం వాటా నెలకు 18 వేలు. ఈ సేవ మొదలుపెట్టింది స్వయానా ఆమె అత్తగారు. ఆశ్రమం నడిపే బ్రదర్ పాస్టరమ్మగారికి దగ్గరి బంధువు.

పోయిన క్రిస్మస్‌కి బట్టలు పంచడానికి వెళ్తే తొమ్మిదేళ్ల పిల్లాడొకడు పక్కకు పిలిచి, "ఆంటీ, మా అమ్మకి ఒక్కసారి ఫోన్ చేస్తారా" అని నంబరు చెప్పాడట. ఇంటికొచ్చి చేస్తే తల్లే ఎత్తింది. భర్త పోయాడు, తాపీ పనికి వెళ్తుంది, ఇంగ్లీషు మీడియం చదివిస్తామంటే పంపింది. చర్చిలో కట్టిన ఫ్లెక్సీ మీద అదే పిల్లాడి ఫోటో, కింద "తల్లిదండ్రులు లేని పసిబిడ్డలు" అని అక్షరాలు. ఆ తర్వాత ఒక పెళ్లిలో పక్క సంఘం కోశాధికారి కలిస్తే, ఇద్దరూ అదే 12 మంది పిల్లల స్కూలు ఫీజు పేరుతో డబ్బు కడుతున్నట్టు బయటపడింది. బ్రదర్‌ని ఖర్చుల వివరం అడిగితే "దేవుడికి చెప్పుకుంటాను లెక్క" అన్నాడు. రిజిస్ట్రేషన్ మాటెత్తితే "సొసైటీ ఎప్పుడో రిజిస్టరయింది" అన్నాడు. పాస్టరుగారు "అభిషిక్తుల్ని ముట్టకూడదమ్మా" అని, అంటే దేవుడి సేవకుల్ని తప్పుపట్టకూడదని, ముగించారు. భర్త నీకెందుకీ తలనొప్పి అంటున్నారు. అత్తగారు భోజనం మానేశారు. ఇవన్నీ చాలవన్నట్టు, అమెరికా పౌరసత్వం తీసుకున్న మరిది ఆశ్రమంలో గదులు కట్టడానికి సంఘం ఖాతాకి డబ్బు పంపుతానంటున్నాడు.

"ఆపితే పిల్లలు పస్తులుంటారు. ఆపకపోతే తప్పులో నాకూ వాటా. నోరు తెరిస్తే సంఘం చీలిపోతుంది. నిద్ర పట్టడం లేదు." ఇదీ ఆమె బాధ.

అమ్మా, మీ ఉత్తరంలో "మోసం" అనే మాట ఏడెనిమిది చోట్ల ఉంది. ముందు ఆ మాటను కాస్త పక్కన పెట్టండి. ఆ బ్రదర్ మోసగాడు కాదని నేను అనడం లేదు. మీ చేతిలో ఉన్న సమాచారంతో ఔననీ చెప్పలేం, కాదనీ చెప్పలేం. ఆయన మంచివాడా చెడ్డవాడా అని తేల్చడానికి కూర్చుంటే సంఘం రెండుగా చీలడం ఖాయం, పిల్లల సంగతి ఎవరికీ గుర్తుండదు.

ఒకే ఫీజుకి రెండు సంఘాల దగ్గర డబ్బు తీసుకున్న విషయమే చూడండి. అందులో సగం ఆయన జేబులోకి వెళ్లి ఉండొచ్చు. కరెంటు బిల్లుకీ, వంటమనిషి జీతానికీ, పూడిపోయిన డ్రైనేజీ బాగుచేయడానికీ వెళ్లి ఉండొచ్చు కూడా. ఇలాంటి చోట్ల సాధారణంగా జరిగేది నిర్మొహమాటంగా చెప్తాను. బిడ్డ చదువుకి ఇవ్వమంటే మనం ఇస్తాం, బియ్యానికి ఇస్తాం, పుట్టినరోజున పిల్లలకి ఒక పూట భోజనం పెట్టి ఫోటో దిగుతాం. సెప్టిక్ ట్యాంకుకి ఇవ్వమంటే ఎవరం జేబులో చెయ్యి పెట్టం. దాంతో నడిపేవాళ్లు జనానికి నచ్చే పద్దు చెప్పి వసూలు చేసి, అవసరమున్న పద్దుకి ఖర్చు పెడతారు. అది నిజాయితీ కాదు. అలాగని దొంగతనమూ కాకపోవచ్చు. మూడు సంఘాల్లో ఏ ఒక్కరికీ ఆశ్రమం నెల ఖర్చు మొత్తం ఎంతో తెలియదు కాబట్టే ఇంతకాలం ఇలా నడిచింది. ఆ లోపంలో ఇచ్చేవాళ్ల వంతు కూడా ఉంది.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది డబ్బు కాదు, ఆ పిల్లాడు. తల్లి ఉండగా వాడు అక్కడ ఎందుకున్నాడు, అక్కడ ఉండాలని నిర్ణయించింది ఎవరు?

తల్లి ఉన్న బిడ్డ ఆశ్రమంలో ఉండటమే నేరం కాదు. పోషించే స్థితిలో లేని ఒంటరి తల్లి బిడ్డకి కూడా సంరక్షణ అవసరం పడొచ్చు. కానీ మన దేశంలో ఆ నిర్ణయం ఆశ్రమం నడిపేవారిదీ కాదు, కేవలం తల్లిదీ కాదు. జువెనైల్ జస్టిస్ చట్టం 2015 ప్రకారం సంరక్షణ అవసరమైన బిడ్డను 24 గంటల్లో, ప్రయాణానికి పట్టే సమయం తీసేసి, జిల్లా బాలల సంక్షేమ కమిటీ ముందుంచాలి. అందరూ సీడబ్ల్యూసీ అంటారే, అదే. ఏ బిడ్డ ఎక్కడ ఉండాలో, ఇంటికి పంపొచ్చో లేదో విచారించి ఆ కమిటీ ఉత్తర్వు ఇస్తుంది. సంస్థలో పెట్టడం చివరి మార్గం కావాలని ఆ చట్టమే తన మూల సూత్రాల్లో రాసుకుంది. పేదరికం ఒక్కటే కారణంగా బిడ్డను కుటుంబం నుంచి వేరు చేయకూడదని 2009లో ఐక్యరాజ్యసమితి సాధారణ సభ ఆమోదించిన మార్గదర్శకాలూ చెప్తున్నాయి.

ఇక "సొసైటీ రిజిస్టరయింది" అన్న జవాబు. చాలామంది నోరు మూయించే జవాబు ఇదే. సొసైటీగానో ట్రస్టుగానో నమోదు కావడమంటే ఒక సంస్థ పుట్టిందని అర్థం, అంతే. పిల్లల్ని ఉంచుకోవడానికి అది అనుమతి కాదు. ప్రభుత్వ గ్రాంటు తీసుకున్నా తీసుకోకపోయినా, అలాంటి పిల్లల్ని ఉంచే ప్రతి సంస్థా జువెనైల్ జస్టిస్ చట్టం 41వ సెక్షన్ కింద విడిగా నమోదు కావాలి. ఆ సర్టిఫికెట్ గడువు 5 ఏళ్లు, తర్వాత మళ్లీ తీసుకోవాలి. నమోదు లేకుండా నడిపితే 42వ సెక్షన్ ప్రకారం ఏడాది వరకు జైలు, లేదా లక్షకు తగ్గని జరిమానా, లేదా రెండూ. తమిళనాడు అనాథాశ్రమాల కేసులో సుప్రీంకోర్టు 2017 మేలో తీర్పిస్తూ, అలాంటి సంస్థలన్నీ ఆ ఏడాది ఆఖరుకల్లా నమోదు కావాలని గడువు కూడా పెట్టింది.

మీరు సర్టిఫికెట్ అడిగితే ఆయన "మాది అనాథాశ్రమం కాదు, హాస్టల్" అనొచ్చు. చాలామంది అంటారు. అలా అంటే మీరు అడగాల్సింది ఒక్కటే: మరి ఫ్లెక్సీ మీద అనాథలని ఎందుకు వేయించారు? కానుకల దగ్గర అనాథాశ్రమం, చట్టం దగ్గర హాస్టల్ అంటే కుదరదు. ఆ ఫ్లెక్సీ మీ చర్చిలో ఇంకా ఉంటే ఈ ఆదివారమే దింపించండి, దానికి సంఘం కమిటీ తీర్మానం అక్కర్లేదు. బతికున్న తల్లి కంట పడితే ఎలా ఉంటుందో, బళ్లో తోటి పిల్లలు చూస్తే వాడికి ఎలా ఉంటుందో మీరు టీచరు, మీకు నేను చెప్పనక్కర్లేదు.

కాబట్టి ముందు తెలుసుకోవాల్సినవి మూడే. చట్టం కింద నమోదు సర్టిఫికెట్ ఉందా, ఉంటే గడువు ఎప్పటిదాకా? ప్రతి బిడ్డకీ కమిటీ ఉత్తర్వు ఉందా? మూడు సంఘాల నుంచీ, బయటి నుంచీ కలిపి నెలకు వచ్చేదెంత, అయ్యేదెంత? మొదటి రెంటికీ ఆయన చెప్పకపోయినా జిల్లా బాలల పరిరక్షణ యూనిట్‌లో అడిగి తెలుసుకోవచ్చు. మూడోది ఆయనే చెప్పాలి.

అడిగే తీరు గురించి కొంచెం. ఆరాధన అయ్యాక పదిమందిలో అడగొద్దు, వాట్సాప్ గ్రూపులో అసలే వద్దు. ముందు పాస్టరుగారిని ఒంటరిగా కలవండి. ఆయనకి ఇందులో భాగం ఉందని మీరు లోపల్లోపల అనుమానిస్తున్నట్టు మీ రాతలో కనిపిస్తోంది. ఉండొచ్చు. కానీ భార్య తరఫు బంధువుని లెక్క అడగలేక ఇబ్బంది పడే మనిషి కూడా సరిగ్గా అలాగే మాట్లాడతాడు. "అయ్యగారూ, బ్రదర్ మీద నాకు ఫిర్యాదు లేదు. చెక్కు మీద నా సంతకం ఉంటోంది, రేపు సంఘం అడిగితే జవాబు చెప్పాల్సింది నేను. ఈ కాగితాలు ఫైల్లో ఉంటే మీకూ నాకూ మంచిది" అనండి. నిందలా కాకుండా పద్ధతిలా వినిపిస్తే ఆయనకి ఒప్పుకునే దారి దొరుకుతుంది.

అభిషిక్తుల మాట వస్తే మీ దగ్గరా వాక్యం ఉంది, వాదనకి కాదు, ధైర్యానికి. యెరూషలేములోని పేదలకి చందా పోగుచేసినప్పుడు పౌలు ఆ సొమ్ము తానొక్కడే పట్టుకెళ్లలేదు. ఈ పెద్ద మొత్తం విషయంలో ఎవరూ తప్పుపట్టే అవకాశం ఉండకూడదని, సంఘాలు ఎన్నుకున్న మనుషుల్ని వెంట ఉంచుకున్నాడు. కొరింథీయులకు రాసిన రెండో పత్రిక ఎనిమిదో అధ్యాయంలో ఉంది, చదవండి. జార్జ్ ముల్లర్ పేరు మీ సంఘంలో ప్రసంగాల్లో వినే ఉంటారు. మనుషుల్ని చెయ్యి చాపి అడగకుండా ప్రార్థనతోనే బ్రిస్టల్‌లో వేలమంది అనాథల్ని పోషించాడని చెప్తారు. అంతవరకు చెప్పి ఆపేస్తారు. ఆయన వచ్చిన ప్రతి కానుకకీ రసీదు ఇచ్చి, ఏటా జమాఖర్చులు అచ్చువేయించేవాడు. తల్లీ తండ్రీ ఇద్దరూ పోయిన పిల్లల్నే తీసుకోవాలన్న నియమం కూడా పెట్టుకున్నాడు. దేవుడికి మాత్రమే లెక్క చెప్తానన్న మాట ఆయన నోట రాలేదు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం. ఏదీ నొప్పి లేనిది కాదు.

ఏమీ మాట్లాడకుండా ఇస్తూ పోవచ్చు. ఇంట్లో ప్రశాంతత, సంఘంలో మంచి పేరు. కానీ నమోదు లేని చోట రేపు ఏదైనా జరిగితే, తెలిసీ సంతకం పెట్టారన్న ప్రశ్న మీకొస్తుంది. మీకు తెలుసని ఈ ఉత్తరమే చెప్తోంది.

వచ్చే నెల నుంచే పూర్తిగా ఆపేయొచ్చు. కోపంలో ఇదే సరైనదనిపిస్తుంది. నేనైతే దీన్ని మొదట ఎంచుకోను. మీరన్నట్టు మొదట తగ్గేది పిల్లల కంచంలో అన్నమే. పైగా మీరు ఆపిన మర్నాడు ఆయన ఇంకో సంఘాన్ని వెతుక్కుంటాడు, అదే ఫ్లెక్సీ అక్కడ కడతాడు. మీ చేతులు శుభ్రంగా ఉంటాయి, పిల్లలు ఎక్కడివాళ్లు అక్కడే ఉంటారు.

మధ్యదారి ఒకటుంది: ఇవ్వడం ఆపకుండా, ఇచ్చే తీరు మార్చడం. ఫీజు నేరుగా స్కూలుకి కట్టి రసీదు తెచ్చుకోవడం, బియ్యం, మందులు నేరుగా కొనివ్వడం, నగదు ఇవ్వకపోవడం. ఇందుకు మూడు సంఘాల కోశాధికారులూ ఒకసారి కలిసి కూర్చోవాలి. ఎవరు దేనికి ఎంతిస్తున్నారో ఒకే కాగితం మీద రాసుకుంటే సగం చిక్కు ఆ రోజే విడిపోతుంది. ఆశ్రమం సంగతి కాసేపు మర్చిపోయినా సరే, మూడు నెలలకోసారి ఆ సమావేశం జరిగి తీరాలి. ఈ దారిలో పిల్లలకి ఇబ్బంది లేదు, బ్రదర్ ముఖం చాటేయాల్సిన పనీ లేదు. ఆయన దీనికి ఒప్పుకోకపోతే మీకు చాలావరకు జవాబు దొరికినట్టే. కానీ ఒక మాట గుర్తుంచుకోండి. బియ్యం బస్తాలుగా ఇచ్చినంత మాత్రాన నమోదు లేని సంస్థ నమోదైనదైపోదు. కాబట్టి దీనికి గడువు పెట్టండి. ఆరు నెలల్లో దరఖాస్తు చేసి, పిల్లల్ని కమిటీ ముందుంచితే మద్దతు కొనసాగుతుంది, లేకపోతే లేదు అని రాతపూర్వకంగా ఇవ్వండి. నమోదు పని సులువు కాదు. భవనం, సిబ్బంది, పిల్లల రికార్డులు అన్నీ చూస్తారు, జిల్లా కలెక్టరు దాకా వెళ్తుంది. ఆ బ్రదర్ నిజంగా సేవ చేసేవాడే అయితే భయపడేది కూడా ఈ కాగితాలకే అయ్యుండొచ్చు. మీ సంఘంలో కాగితాలు తెలిసిన రిటైర్డ్ ఉద్యోగి ఎవరైనా ఉంటే బ్రదర్‌కి తోడివ్వండి. అది కూడా కానుకే.

నేరుగా జిల్లా యూనిట్‌కో, కమిటీకో చెప్పడం ఇంకో దారి. తనిఖీకి వస్తారు. లోపాలుంటే సరిచేయమంటారు, మరీ బాగాలేకపోతే మూయిస్తారు. మూస్తే కొందరు పిల్లలు ఇంటికి, కొందరు వేరే ఊళ్లో మరో హోముకి వెళ్తారు. స్కూలు మారుతుంది, స్నేహితులు చెదిరిపోతారు. ఇది వాళ్లకి చిన్న కష్టం కాదు. సంఘంలో మీ పేరు బయటపడకుండా ఉండటం కూడా కష్టమే. మధ్యదారికి ఆయన ససేమిరా అన్నాక ఈ మెట్టు ఎక్కడం న్యాయం.

అయితే ఒక సందర్భంలో మాత్రం మెట్లూ లేవు, గడువులూ లేవు. కొట్టడం, పని చేయించడం, రాత్రిపూట ఆడపిల్లల దగ్గర నమ్మకమైన ఆడమనిషి లేకపోవడం, ఎవరైనా బిడ్డ ఏదో చెప్పబోయి భయంతో ఆగిపోవడం లాంటివి కనిపిస్తే పాస్టరుగారితో మాట్లాడాలని ఆగొద్దు. ఆ రోజే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి. లైంగిక వేధింపు జరిగిందన్న అనుమానం ఉన్నా పోలీసులకి చెప్పడం పోక్సో చట్టం కింద ప్రతి ఒక్కరి బాధ్యత, చెప్పకపోవడమే నేరం. మీ ఉత్తరంలో అలాంటిదేమీ కనబడలేదు. కానీ వెళ్లినప్పుడల్లా మీతో బ్రదర్ భార్య పక్కనే తిరుగుతోందని, పిల్లలతో విడిగా మాట్లాడనివ్వరని రాశారు. ఈసారి ఇద్దరు వెళ్లండి. ఒకరు ఆమెతో మాట్లాడుతుంటే ఇంకొకరు పిల్లలతో కూర్చోండి. మీరు టీచరు కాబట్టి హోంవర్కు చూస్తానంటే ఎవరూ కాదనలేరు.

ఆ పిల్లాడి విషయానికొస్తే, మూడు సంఘాలు కలిసి వాడిమీద పెడుతున్న ఖర్చులో కొంత ఆ తల్లి చేతిలో పడితే వాడు ఇంట్లోనే ఉండి చదువుకోవచ్చు. పిల్లల సంరక్షణకి ప్రభుత్వం నడిపే మిషన్ వాత్సల్య పథకంలో స్పాన్సర్‌షిప్ ఉంది, అంటే బిడ్డ ఇంట్లోనే పెరగడానికి ఇచ్చే నెలసరి సాయం. 2022 మార్గదర్శకాల ప్రకారం నెలకు 4 వేలు. వితంతువు బిడ్డలు దీనికి అర్హులు. కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72 వేలు, మిగతాచోట్ల 96 వేలు మించకూడదు. దరఖాస్తు జిల్లా బాలల పరిరక్షణ యూనిట్‌లోనే. అర్హత ఉండి కూడా ఆ తల్లికి ఈ పథకం పేరే తెలియకపోవచ్చు. అది మంజూరయ్యేలోపు, మంజూరయ్యాక వచ్చే జాప్యంలో, మీ సంఘం చెయ్యి ఆసరా కావచ్చు. అలా అని రేపే వెళ్లి పిల్లాణ్ణి తీసుకెళ్లిపొమ్మని ఆమెకి చెప్పకండి. ఆమె పనికి వెళ్లాక వాడు సాయంత్రాలు ఎక్కడుంటాడు, చుట్టుపక్కల బడి ఏది, ఆమె అసలు ఏం కోరుకుంటోంది, ఇవి ముందు వినాలి. ఆమెకి నిజంగా హాస్టలే కావాలంటే ప్రభుత్వ గురుకులాలు, సంక్షేమ హాస్టళ్లు ఉన్నాయి. అక్కడ సెలవులకి ఇంటికి రావచ్చు, తల్లికి ఫోన్ చేయడానికి ఎవరో ఆంటీని బతిమాలుకోవాల్సిన పని ఉండదు.

మీ మరిది డబ్బు సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. ఆయన అమెరికా పౌరుడు కాబట్టి ఆ సొమ్ము చట్టం దృష్టిలో విదేశీ విరాళం. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద నమోదు లేకుండా మీ సంఘం దాన్ని తీసుకోకూడదు. నమోదు ఉన్నా 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఇంకో సంస్థకి బదిలీ చేయడానికి వీల్లేదు. భారత పౌరసత్వం ఉంచుకుని అక్కడ ఉద్యోగం చేసేవాళ్లు తమ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే సంగతి వేరు. "ఇంట్లోవాళ్లం కదా, ఖాతాలో వేసేస్తా" అంటే వద్దనండి, కోశాధికారిగా మీకే చుట్టుకుంటుంది.

అత్తగారి బాధ ఒక్కటే నాకు మీ ఉత్తరంలో నిజంగా జాలి కలిగించింది. ఆవిడ పిడికెడు పిడికెడు పోగుచేసిన బియ్యం తప్పు కాదని ఎవరైనా చెప్పాలి. మీరడిగే లెక్క ఆవిడ విన్నప్పుడు తన ఇన్నేళ్ల సేవ మీద తీర్పులా వినబడుతోంది. ఆవిడతో బ్రదర్ గురించి మాట్లాడకండి, ఆ పిల్లాడి తల్లి గురించి మాట్లాడండి. కుదిరితే ఒకసారి ఇద్దరూ కలిసి ఆమెని చూసి రండి. వితంతువుల కష్టం స్త్రీల సమాజంలో ఇన్నేళ్లుగా చూసిన ఆవిడకి మీకన్నా బాగా అర్థమవుతుంది. రేపు స్త్రీల సమాజంలో ఈ మాట లేవనెత్తగలిగేది కూడా ఆవిడే.

అన్నీ చేసినా సంఘం కమిటీ "ఈ ప్రస్తావన వద్దు" అని కొట్టిపారేయొచ్చు. అప్పుడు మీరు అడిగిన కాగితాలు, వచ్చిన జవాబు మినిట్స్ పుస్తకంలో రాయమని పట్టుబట్టండి. రాయకపోతే మీరే ఉత్తరం రాసి ఇచ్చి, నకలు మీద తేదీ వేయించి సంతకం తీసుకోండి. ఆ తర్వాత కూడా కాగితాల్లేని సంస్థకి చెక్కు రాయమంటే పదవి వదులుకోవడం తప్పు కాదు. వదిలేటప్పుడు పుస్తకాలు, బ్యాంకు పాస్‌బుక్, రసీదు పుస్తకాలు అన్నీ లిస్టు రాసి ఇద్దరు పెద్దల సంతకంతో అప్పగించండి. బ్యాంకులో సంతకం మార్పించే దాకా బాధ్యత మీదే కాబట్టి, ఆ పని మాత్రం వాళ్లమీద వదిలేయకుండా వెంటబడి చేయించుకోండి.